వాటం తెలిసిన చేయి

కళ్యాణదుర్గంలో ఒక పాత మిద్దె ఇంటి అద్దె పోర్షన్‌లో నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు ఉన్న బాత్రూం ఇది. నడుమెత్తు దాకా తెల్ల టైల్సు, ఆ పైన సున్నం, మూలకు ఇటుకలతో కట్టిన నీళ్ల తొట్టి, పైకప్పు కింద గాజు పలకల వెంటిలేటరు. ఈ మధ్య ఒక బేల్దారి మేస్త్రీ దీన్ని బాగుచేసి వెళ్లాడు. ఇప్పుడు లోపలికి వెళ్లిన వాళ్లకు అతను ఏం చేశాడో చప్పున తెలియదు. మెరిసే కొత్త టైల్సు లేవు, కొత్త బేసిన్ లేదు, గోడల రంగూ ఎప్పటిదే. రెండు చెంబుల నీళ్లు కుమ్మరించి చూస్తే తెలుస్తుంది. ఏ మూలలోనూ ఆగకుండా, కాళ్ల చుట్టూ చేరకుండా, జాలీ దాకా తిన్నగా వెళ్లిపోతాయి. తలుపు తీయగానే కొట్టే వాసన లేదు. కొళాయి కట్టేస్తే కట్టినట్టే ఉంటుంది.

అద్దె ఇంటి బాత్రూంకు ఒక దిక్కులేనితనం ఉంటుంది. ఉండేది వాళ్లు, వాళ్లే చేయించుకోనీ అని ఓనరు అనుకుంటారు. ఎల్లకాలం ఉంటామా, ఊరికే డబ్బు పోసేదెందుకని అద్దెకున్నవాళ్లు అనుకుంటారు. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఈ తగువును వివరంగా పట్టించుకుంది. ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే గోడలకు సున్నం, పైపుల మార్పిడి, కరెంటు వైరింగు ఓనరు వంతు. కొళాయి వాషర్లు, కొళాయిలు, కాలువ శుభ్రం, మరుగుదొడ్డి, బేసిన్, గీజరు రిపేర్లు అద్దెదారు వంతు. కొళాయి వాషరు దాకా వచ్చి పంపకాలు చేసిన చట్టాన్ని చూస్తే, రాసినవాళ్లలో ఎవరో అద్దె ఇంట్లో ఉండి వచ్చినవాళ్లే అనిపిస్తుంది. నమూనా చట్టం కాబట్టి రాష్ట్రం తన చట్టంగా తెచ్చుకునే దాకా దాన్ని చూపించి ఎవరినీ నిలదీయలేం. ఈ ఇంట్లో మాత్రం మాట ఇట్టే కుదిరింది. సామాను ఇంటామెది, కూలి అద్దెకున్న సారుది.

ఇంటామె మొదట అడిగింది, "అంతా కొట్టేసి కొత్తగా ఏపిచ్చేద్దామా?" అని. మేస్త్రీ టైల్సు వైపు చూడలేదు. చెంబు తీసుకుని తలుపు దగ్గర నీళ్లు వదిలి, గొంతుకు కూర్చున్నాడు. "నీళ్లు యాడ నిలబడతాండాయో చూడల్లక్కా ముందు. కొట్టేది ఎప్పుడైనా కొట్టచ్చు."

ఈ జాగ్రత్త వెనక లెక్క ఉంది. టైల్సు మొత్తం పగలగొడితే కింద ఉన్న పాత సిమెంటు పరుపూ లేస్తుంది. దాంతోపాటు గోడ మొదట్లో ఉన్న పూతా, ఒక్కోసారి లోపలి పైపూ పోతాయి. ఆ మట్టినంతా ఊరి బయటికి తోలించాలి, మళ్లీ పరుపు వేయాలి, తడపాలి, ఆరనివ్వాలి. అన్ని రోజులూ అద్దెకున్నవాళ్లు స్నానానికి పక్కింటికి పోవాలి. చిన్న అద్దె వచ్చే ఇంటికి ఆ ఖర్చు రాబట్టుకోవాలంటే ఓనరు ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సిందే. టైల్సు పాతవైనంత మాత్రాన చెడిపోవు. నూటికి తొంభై బాత్రూములలో చెడిపోయేవి వాటి మధ్య సందులు, నీళ్లు దిగే నోరు, కొళాయి లోపలి రబ్బరు. అంటే రెండు వస్తువులు కలిసే చోట్లు. ఈ మేస్త్రీ పనంతా ఆ చోట్లలోనే జరిగింది.

నీళ్లు నిలిచిన జాగాలు రెండు దొరికాయి. ఒకటి తొట్టి పక్కన. మేస్త్రీ తాపీ పిడితో ఒక్కో టైలునూ తట్టుకుంటూ పోయాడు. కింద పరుపు గట్టిగా ఉన్న టైలు ఠంగుమంటుంది, పట్టు విడిచినది బోలుగా పలుకుతుంది. తొట్టి పక్కన రెండు టైల్సు బోలుగా పలికాయి, అవే కుంగాయి. రెండోది జాలీ చుట్టూ. అక్కడ జరిగింది మన ఊళ్లల్లో మామూలే. పాత జాలీ తుప్పు పట్టి పోతే ఎవరో కొత్తది తెచ్చి, కింద ఇంత సిమెంటు పెట్టి కూర్చోబెట్టారు. జాలీ చుట్టూ ఉన్న టైలు కంటే అది నూలు మందం ఎత్తుగా నిలిచింది. ఆ నూలు మందం చాలు, నేలంతా ఎంత బాగా వాలినా చివరికి జాలీ చుట్టూ నీటి చెలమ కట్టేదానికి.

మిగతా నేల వాటం సరిగా ఉందో లేదో తేల్చడానికి అతను రసమట్టం నమ్ముకోలేదు. పారదర్శకంగా ఉండే సన్నని ప్లాస్టిక్ ట్యూబు తీసి నీళ్లు నింపాడు. లోపల గాలి బుడగ లేకుండా రెండు కొసలూ పైకెత్తి తట్టాడు. ఒక కొస తలుపు దగ్గర గోడకు, ఇంకో కొస జాలీ పైనున్న గోడకు ఆనించి, నీళ్లు ఆగిన చోట పెన్సిలుతో గీశాడు. ఎంత పొడవైన గదిలోనైనా ఆ రెండు గీతలూ ఒకే మట్టంలో ఉంటాయి. ఆ గీతల నుంచి కిందికి టేపు పెట్టి కొలిస్తే నేల ఎంత వాలిందో తెలిసిపోతుంది. బాత్రూం నేలకు అడుగుకు ఇంచులో ఎనిమిదో వంతు వాటం ఉంటే చాలని పనివాళ్ల లెక్క. తలుపు నుంచి జాలీ దాకా ఐదడుగులంటే మొత్తం మీద ఇంచు కంటే తక్కువే, సుమారు 16 మిల్లీమీటర్లు. అంతకన్నా బాగా తక్కువైతే నీళ్లు ఆలోచిస్తాయి. మరీ ఎక్కువైతే తడి కాలు జారుతుంది, బకెట్టు ఒరుగుతుంది. కొలిచి చూస్తే మొదట కట్టిన వాళ్ల వాటం బాగానే ఉంది. ఎప్పుడో పోయిన ఆ పనివాడికి ఈ మేస్త్రీ తల ఊపి మరీ మార్కులేశాడు. "కట్టినోడు పనోడే సార్. చెడగొట్టింది తర్వాతోడు."

అప్పుడు గానీ ఉలి బయటికి రాలేదు. తొట్టి పక్కన రెండు, జాలీ చుట్టూ ఉన్న కొన్ని టైల్సు మాత్రం లేచాయి. అంచులు చెదరకుండా లేపడంలో కిటుకు ఉంది. ముందు చుట్టూ సందుల్లోని సిమెంటును హాక్సా బ్లేడు ముక్కతో పూర్తిగా గీకేసి, పక్క టైలుతో సంబంధం తెంచాడు. తర్వాత లేవాల్సిన టైలును నడిమధ్యలో పగలగొట్టి, మధ్య నుంచి అంచుకు తవ్వుకొచ్చాడు. అంచు నుంచి మొదలుపెడితే దెబ్బ పక్కదానికి తగులుతుంది. ఇది ఎవరైనా చేయగలిగే పనే, కానీ తొందర ఉన్నవాళ్లు చేయరు.

ఇక్కడ ఒక చిక్కు. పాత టైలు రకం ఇప్పుడు మార్కెట్‌లో దొరకదు. దగ్గర రంగు తెచ్చి వేస్తే అతుకు వేసినట్టు కనిపిస్తుంది. మేస్త్రీ ఆ జాగాలకు తాడిపత్రి నల్లబండ తెప్పించాడు, కట్టింగు మెషిన్ల దగ్గర మిగిలిపోయిన ముక్కలు. తాడిపత్రి మన అనంతపురం జిల్లాలోదే, అక్కడి బండలు రాయలసీమలో ప్రతి రెండో ఇంటి నేలలో, అరుగు మీద, వంటింటి గట్టు మీద కనిపిస్తాయి. అద్దంలా పాలిష్ పట్టిన ముక్కలను పక్కన పెట్టి, చేతికి కాస్త గరుకుగా తగిలేవి ఏరుకున్నాడు. బాత్రూంలో మెరుపు కంటే పట్టు ముఖ్యం.

జాలీ చుట్టూ వేసిన తీరు మళ్లీ మళ్లీ చూడాలనిపించేలా ఉంది. ఒకే చదరపు పలకకు మధ్యలో బెజ్జం కోసి పెడితే అది ఒక్క వైపుకే వాలుతుంది. నాలుగు వైపుల నుంచీ నీళ్లు రావాలంటే పలక నాలుగు ముక్కలు కావాలి. జాలీ మూలల నుంచి పలక మూలలకు నాలుగు ఐమూల గీతలు గీసి కోశాడు. ఒక్కో ముక్కనూ జాలీ వైపు రవ్వంత వంచి కూర్చోబెట్టాడు. నాలుగూ కలిసే సందులు మూల నుంచి మూలకు వెంట్రుక తేడా లేకుండా ఒకే గీతలో కలిశాయి. తెల్లటి నేలలో ఆ నల్ల చదరం ముగ్గులో గడిలా ఉంది. తొట్టి పక్కన కుంగిన రెండింటి చోటా అదే నల్లబండ వేయడంతో, రిపేరు కాస్తా మొదటి నుంచీ అనుకుని వేసిన డిజైన్‌లా కుదిరింది.

పలకలు వేసే ముందు ఎవరి కంటా పడని పని ఒకటుంది. లేపిన జాగాలో, జాలీ కింద ఉండే నాణి ట్రాపు మెడ చుట్టూ, సిమెంటులో పాలిమర్ ద్రవం కలిపిన పూత రెండు పొరలుగా వేశాడు. మొదటి పొర అడ్డంగా, అది ఆరాక రెండోది నిలువుగా. తర్వాత ట్రాపు నోటికి గుడ్డ కుక్కి, గుంతలో నీళ్లు నింపి, మట్టం దగ్గర గీత గీసి వెళ్లిపోయాడు. మరుసటి రోజు వచ్చి చూస్తే నీళ్లు గీత దగ్గరే ఉన్నాయి. ఒక రోజంతా ఇట్లా నిలబెట్టి చూడకుండా బండ వేస్తే, కింద చెమ్మ ఉందో లేదో తెలిసేది కింది ఇంటివాళ్లు పైకి వచ్చి అరిచినప్పుడే.

రాతి పలకలతో గది కట్టే విద్య ఈ నేలకు కొత్తది కాదు. ఊరికి దగ్గరలోని ముదిగల్లు వద్ద పెద్దరాతి యుగపు సమాధులున్నాయి, బండలు నిలబెట్టి మీద బండ కప్పినవి. సున్నం లేదు, సిమెంటు లేదు, బరువు మీదే నిలబడ్డాయి. వాటికీ ఈ బాత్రూంకూ చుట్టరికం కలపబోవడం లేదు గానీ, ఇక్కడి పనివాడి చేతికి బండ లొంగినంత సులువుగా టైలు లొంగదని మాత్రం చెప్పగలను.

ఇక గోడ టైల్సు మీది తెల్లచారలు. కళ్యాణదుర్గంలో కొళాయి నీళ్లు చాలావరకు దూరం నుంచి వస్తాయి. పెన్నఅహోబిలం రిజర్వాయరు నుంచి శ్రీరామరెడ్డి తాగునీటి పథకం పైపుల్లో వచ్చేవి, అంతకు ముందు తుంగభద్ర ఎగువ కాలువలో పారి వచ్చినవి. ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దగ్గర ఉన్న జిల్లాలో రోజూ కొళాయి రావాలని ఎవరూ ఆశించరు. రాని రోజుల్లో బోరు నీళ్లే దిక్కు. అవి గట్టి నీళ్లు, కాల్షియం, మెగ్నీషియం బాగా కరిగినవి. తాగే నీళ్లలో గట్టితనం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకపోతే మంచిదని, వేరే దారి లేకపోతే 600 దాకా ఓర్చుకోవచ్చని భారత ప్రమాణాల సంస్థ లెక్క. అట్లాంటి నీళ్లు టైలు మీద ఆరిన ప్రతిసారీ సున్నపు పొర ఒకటి వదిలి పోతాయి. ఏళ్ల తరబడి పేరుకుంటే తెల్ల టైలు కూడా ముసలిదవుతుంది.

ఇక్కడే చాలామంది అంగట్లో దొరికే యాసిడ్ సీసా తెచ్చి గుమ్మరిస్తారు. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. చారలను నిజంగానే తినేస్తుంది, వాటితో పాటు సందుల్లోని సిమెంటును, కొళాయి మీది క్రోమ్ పూతనూ తింటుంది. దాని మీద బ్లీచింగ్ పౌడరు కూడా చల్లితే వెలువడే క్లోరిన్ వాయువు ఆ చిన్న గదిలో ఊపిరి తీయనివ్వదు. మేస్త్రీ కిరాణా అంగట్లో నిమ్మ ఉప్పు తెప్పించి, వేడినీళ్లలో కరిగించాడు. పాత గుడ్డలు అందులో తడిపి గోడ టైల్సుకు అంటించి, అరగంట ఆగి, మెత్తని బ్రష్షుతో రుద్దాడు. నాకు అన్నిటికంటే నచ్చింది పని వరుస. ఇదంతా నల్లబండ గదిలోకి రాక ముందే ముగించాడు. ఎందుకంటే తాడిపత్రి బండ సున్నపురాయి. టైలు మీది తెల్లచారా, ఆ నల్లబండా మూలంలో ఒకటే పదార్థం. చారను కరిగించేది ఏదైనా బండనూ కొరుకుతుంది, నిమ్మ ఉప్పుతో సహా. ఇంటామెకు పోతూ పోతూ గట్టిగా చెప్పిన మాట ఇదే: "నల్లబండ మీద సబ్బు నీళ్లే ఎయ్యల్లక్కా. యాసిడ్ చుక్క పడినా తెల్లగా మచ్చొస్తాది." ఈ సంగతి అతనికి రసాయనశాస్త్రం చెప్పలేదు, కాలిపోయిన బండలు చెప్పి ఉంటాయి.

సందులు నింపడంలో డబ్బు లెక్కా, పని లెక్కా కలిశాయి. ఎపాక్సీ గ్రౌటు నీళ్లు పీల్చదు, మరక పట్టదు, కానీ వైట్ సిమెంటుతో పోలిస్తే ఖరీదు చాలా ఎక్కువ. అందుకని నేలకు, నేలను ఆనుకుని ఉన్న ఒక వరుస గోడ టైల్సుకు ఎపాక్సీ, ఆ పైన గోడకు మామూలు గ్రౌటు. నీళ్లు నిలిచే చోటే ఖరీదైన సామాను. తెలుపు బదులు బూడిద రంగు ఎంచుకున్నాడు. ఎర్రమట్టి కాళ్లతో ఇంట్లోకి వచ్చే ఊళ్లో తెల్ల సందు నెల నిలవదు. పాత సిమెంటును సగం లోతుకు పైగా గీకి, దుమ్ము దులిపి, ఒక రాత్రి పూర్తిగా ఆరనిచ్చాడు. రెసిన్, హార్డెనరు, పొడి కలిపాక ఎపాక్సీ చేతిలో ఎక్కువసేపు ఉండదు, గట్టిపడటం మొదలవుతుంది. అందుకే కొంచెం కొంచెం కలిపాడు. రబ్బరు పలకతో సందు వెంబడి లాగితే లోపలి ముద్దను పలక తవ్వుకుపోతుంది కాబట్టి ఐమూలగా లాగాడు. వెంటనే తడి స్పాంజితో టైలు మీది పొరను తీసేశాడు. ఆ పొర ఆరిందంటే గోళ్లతో కూడా రాదు. చాలా ఇళ్లల్లో ఎపాక్సీ వేయించినాక టైల్సు జిడ్డుగా కనబడేది ఈ తుడవడంలో సోమరితనం వల్లే.

కొళాయి గురించి ఎక్కువ రాయనక్కర్లేదు, కానీ ఒక సంగతి. పాత ఇత్తడి కొళాయిని తీసి కొత్త ప్లాస్టిక్‌ది పెట్టమని అద్దెకున్న సారు అన్నారు. మేస్త్రీ ఒప్పుకోలేదు. ఇత్తడి ఒళ్లు నూరేళ్లుంటుందన్నాడు. అతిశయోక్తే గానీ దిశ సరైనదే. స్పిండిలు విప్పి, అరిగిన వాషరు తీసి పదో ఇరవయ్యో రూపాయల కొత్తది వేశాడు. వాషరు కూర్చునే గద్దె మీది గరుకును సన్న ఎమరీ కాగితంతో తీశాడు. మరలకు టెఫ్లాన్ టేపును బిగించే దిశలోనే చుట్టాడు. ఎదురు దిశలో చుట్టిన టేపు బిగిస్తుంటేనే ఊడి ముద్దకడుతుంది. సెకనుకు ఒక చుక్క కారే కొళాయి, చుక్క మిల్లీలీటరులో ఇరవయ్యో వంతే అనుకున్నా, రోజుకు నాలుగు లీటర్ల పైచిలుకు పోగొడుతుంది. తుంగభద్ర నుంచి అంత దూరం నడిచొచ్చిన నీళ్లు అవి.

బాత్రూంలో తొట్టి ఉండటం ఫ్యాషన్‌కు విరుద్ధమని ఈ ఊరి కొత్తిళ్లలో తీసేస్తున్నారు. నా మటుకు అది పొరపాటు. కొళాయి రాని రోజుల్లో ఇంటిని నడిపేది తొట్టే. ఈ ఇంటి తొట్టికి అడుగున నీళ్లు వదిలే బెజ్జానికి ఇన్నాళ్లూ గుడ్డ కుక్కేవారు, అది ఎప్పుడూ చెమర్చి గోడను తడిపేది. మేస్త్రీ అరంగుళం పైపు ముక్కను అందులో బిగించి మూత తిప్పాడు. ఫ్లష్ ట్యాంకు పాతకాలపు పది లీటర్లది. మార్చలేదు. లీటరు సీసాలో ఇసుకా నీళ్లూ నింపి, తేలే బంతికి తగలకుండా లోపల నిలబెట్టాడు. ప్రతి ఫ్లష్‌కూ ఆ మేరకు మిగులుతుంది.

టైల్సు పైనున్న గోడ మొదట్లో ఉప్పు ఉబికి పూత పెచ్చులూడింది. ఇంటామె ఆయిల్ పెయింటు కొట్టిద్దామంది, నీళ్లు పడినా తుడుచుకోవచ్చని. ఆయిల్ పెయింటు గోడకు ఊపిరాడనివ్వదు, లోపలి చెమ్మ బయటికి రాలేక పెయింటునే నెట్టుకుని వస్తుంది. ఉప్పును కడిగితే మళ్లీ గోడలోకే కరిగి పోతుంది కాబట్టి మేస్త్రీ పొడిగానే బ్రష్షుతో రాల్చి, ఊడ్చి పారేశాడు. రాత్రంతా నానబెట్టిన సున్నాన్ని పాలంత పలుచన చేసి, ఒకటి ఆరాక ఒకటిగా మూడు పూతలు వేశాడు. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని మెల్లగా రాయిలా మారుతుంది. దానికున్న క్షారగుణం వల్ల బూజు అంత సులువుగా పట్టదు. ఏడాది తర్వాత మాసిపోతే అద్దెకున్నవాళ్లే ఒక ఆదివారం పూట వేసుకోవచ్చు.

తువ్వాలు, బట్టలు తగిలించడానికి గోడ నిండా మేకులు కొట్టనివ్వలేదు. సున్నపు గోడ మీద ఒక చెక్క పట్టీని రెండు స్క్రూలతో బిగించి, కొక్కేలన్నీ ఆ పట్టీకే కొట్టాడు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పూడ్చాల్సినవి రెండే బెజ్జాలు. అడుగున కుళ్లిన తలుపుకు చెడిన మేర కోసి, అల్యూమినియం రేకు తొడిగాడు.

పగిలిన టైల్సుతో, బాత్రూం పింగాణీ ముక్కలతో చండీగఢ్‌లో నేక్‌చంద్ ఒక తోటనే కట్టాడు. 1957 ప్రాంతంలో ఎవరికీ తెలియకుండా మొదలైన ఆ రాక్ గార్డెన్‌ను 1976లో ప్రజలకు తెరిచారు, ఇప్పుడు దేశదేశాల నుంచి వచ్చి చూస్తారు. అక్కడ ప్రతి ముక్కా నన్ను చూడమంటుంది. కళ్యాణదుర్గం మేస్త్రీ దారి దానికి పూర్తిగా ఎదురు. మిగిలిన ముక్కలు వాడటంలో ఇద్దరిదీ ఒకే పొదుపు, కానీ ఇతను కంటికి అడ్డం పడే పని ఒక్కటీ చేయలేదు, జాలీ చుట్టూ ఉన్న నల్ల చదరం తప్ప. అదీ నీళ్లు దారి అడిగినందుకు వేసిందే.

పనిలో నాకు నచ్చనిది ఒకటుంది. స్విచ్ బోర్డు ఇంకా తొట్టి పక్క గోడకే ఉంది, తడి చేయి అందేంత దగ్గరగా. చలికాలంలో ఈ ఇంట్లో బకెట్‌లో హీటరు రాడ్డు పెట్టి నీళ్లు కాంచుకుంటారు, ప్లగ్గు అదే బోర్డులో. కరెంటు తన పని కాదని మేస్త్రీ అన్నాడు, నిజమే. కానీ చేతిలో ఉలి ఉన్నప్పుడు, పైన సున్నం కొట్టకముందే, వైరు గొట్టానికి తలుపు బయటి దాకా ఒక గాడి తవ్వి పెట్టి ఉంటే బాగుండేది. ఇప్పుడు ఎలక్ట్రీషియన్ వచ్చి ఆ కొత్త పూతనే చెక్కాలి. బోర్డు బయటికి మార్చడం, ఎర్తింగు సరిచూడటం, మెయిన్ దగ్గర 30 మిల్లీఆంపియర్ల లీకుకే తెగిపోయే ఆర్‌సీసీబీ పెట్టించడం, ఈ మూడూ చలికి ముందే అయిపోవాలి. చట్టం పట్టికలో వైరింగు ఓనరు వంతు. ఇంటామె ఈ నెల అద్దె రాగానే చేయిస్తానంది.

మేస్త్రీ వెళ్తూ సారుకు చెప్పిన ఇంకో చిట్కా వేసవి సెలవులకు పనికొస్తుంది. నాణి ట్రాపులో ఎప్పుడూ రెండంగుళాల లోతు నీళ్లు నిలిచి ఉంటాయి, కాలువ వాసనను ఆపేది ఆ నీళ్లే. ఇల్లు తాళం వేసి ఊరికి పోతే అనంతపురం ఎండకు అవి కొన్ని వారాల్లో ఆరిపోతాయి, వాసన, బొద్దింకలు రెండూ పైకి వస్తాయి. పోయే రోజు ట్రాపులో చెంబెడు నీళ్లు పోసి, మీద రెండు చెంచాల వంటనూనె వదలమన్నాడు. నూనె తెట్టు కింద నీళ్లు అంత త్వరగా ఆవిరి కావు.